ఇంటి కంప్యూటరులో డిస్కు తిరుగనిచో



మీ యింట బీరువా పైయరలోనో, పట్టుచీరల మడతల నడుమనో, పాత వార్తాపత్రికలో చుట్టిన మెరుగుబిళ్ళ యొకటి తప్పక యుండును. అది పెండ్లినాటిది కావచ్చును. పసివాని బారసాలనాటిది కావచ్చును. నేడు మన నడుమ లేని పెద్దల కంఠమే యందు నిలిచియుండవచ్చును. సెల్‌ఫోనులును పెన్‌డ్రైవులును వచ్చిన పిమ్మట ఆ బిళ్ళను తీయువారు లేరు. ఎన్నడో యొకనాడు అవసరము కలిగి తీసి కంప్యూటరులో పెట్టబోవుదుము. అప్పుడు డ్రైవు తెరచుకొనదు, తెరచుకొన్నను తిరుగదు, తిరిగినను తెరపై నేమియు కానరాదు. "పాత వస్తువు, పోయినది" అని మగవారొక మాటతో తేల్చివేయుదురు. చెడినది డ్రైవో, తీగయో, కంప్యూటరులోని లెక్కయో, డిస్కో తేల్చుకొనక మునుపు దేనిని పారవేయరాదని నా మనవి. డ్రైవు పోయినచో మరియొకటి కొనవచ్చును. డిస్కు పోయినచో దానిని అమ్ము అంగడి లేదు.

ఇది నాకు అనుభవమున తెలిసిన సంగతి. మా తండ్రిగారు బోధను చక్కెర ఫ్యాక్టరీలో గుమాస్తాగా నుండిరి. నేను బడికి పోయి చదివినది స్వల్పము. ఆయన యొద్దనే, సాయంకాలము ఆయన పనినుండి వచ్చి కాళ్ళు కడుగుకొన్న పిమ్మట, భారత భాగవతములు చదివితిని. 2010లో మా తమ్ముడు ఆయన చేత పోతన భాగవతములోని ఘట్టములు చదివించి, కంప్యూటరులో నెక్కించి, ఒక సీడీ చేసి నాకు భీమ్‌గల్‌కు పంపెను. 1937లో వెలసిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడినది. మరుసటి సంవత్సరమే బాపు కాలధర్మము నొందిరి. తమ్ముని కంప్యూటరు అంతకుముందే చెడి పాతసామానువాని బండి నెక్కినది. అందువలన ఆ చదువునకు లోకములో మిగిలిన ప్రతి నాయొద్ద నున్న బిళ్ళ యొక్కటియే.

గత సంవత్సరము బాపు సంవత్సరీకమునకు పదునైదు దినములు ముందుగా మా అమ్మ మాయింటికి వచ్చినది. వచ్చిన మూడవనాడు, "మీ బాపు గొంతు ఒక్కసారి వినిపియ్యి బిడ్డా" అని యడిగినది. నేను కంప్యూటరు తెరచి డ్రైవు మీట నొక్కితిని. లోపల నేదో కిర్రుమన్నది కాని పళ్ళెము వెలికి రాలేదు. మావారు దానిని, డిస్కును కూడ పట్టణమునకు గొనిపోయి ఒక దుకాణమువారికి చూపిరి. వారు తమ యంత్రములో డిస్కు నొక నిమిషము పెట్టి, "డ్రైవు పోయింది సార్, డిస్కు ఖాళీ" అని చెప్పి పంపిరి. అమ్మ యేమియు ననలేదు. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా కండ్లయెదుట తమ్ముడు మా పాత కంప్యూటరులో వినిపించిన డిస్కు ఖాళీ యెట్లగును?

మరునాటి నుండి నేనును, మావారును, ఇంటర్మీడియట్ చదువు మా మరది కుమారుడును కూర్చుండి పరీక్షింప నారంభించితిమి. ఆ పరీక్ష నడచిన క్రమము నెఱిగించెదను. అంతకుముందు ఆ బిళ్ళ యేమిటో కొంచెము తెలిసికొనుట మేలు.

సీడీ యనునది పాలికార్బొనేటు అను గట్టి ప్లాస్టికుతో చేసిన బిళ్ళ. దాని అడ్డకొలత 12 సెంటీమీటర్లు, మందము 1.2 మిల్లీమీటర్లు. దీనిని మొదట 1982 అక్టోబరు 1వ తేదీన జపానులో అమ్మకమునకు పెట్టిరి. సోనీ, ఫిలిప్స్ అను రెండు కంపెనీలు కలిసి దీని నిర్మించెను. డీవీడీ 1996లో వచ్చినది. బిళ్ళలో సూక్ష్మమైన గుంటలు సుడివలె తిరుగుచు నుండును. ఆ సుడి నడిమి రంధ్రమునొద్ద మొదలై అంచు దిక్కునకు సాగును. మన గ్రామఫోను రికార్డునకు ఇది విపరీతము. సీడీ సుడిని చాపినచో అయిదు కిలోమీటర్లకు మించును. డ్రైవులోని చిన్న అద్దముగుండ లేజరు కిరణము పైకి పోయి, ఆ గుంటలపై బడి మరలివచ్చును. వచ్చిన వెలుతురు హెచ్చుతగ్గులనే యంత్రము చదువును. సీడీని చదువు కిరణము కంటికి కానరాని పరారుణము. డీవీడీని చదువునది యెఱ్ఱనిది. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు, ముందు పనికివచ్చును.

ఈ బిళ్ళలు మన పల్లెలకు కూడ ధారాళముగ వచ్చిన కాలమొకటి కలదు. 2005లో కేంద్రప్రభుత్వమువారు తెలుగు అక్షరరూపములను, తెలుగు వ్రాయు సాధనములను ఒక సీడీలో నుంచి ఉచితముగ పంచిరి. మావారు కంప్యూటరులో తెలుగు వ్రాయుట దానితోనే నేర్చిరి. మోసర్ బేర్ అను సంస్థ సినిమా సీడీలను 28 రూపాయలకే అమ్మినప్పుడు ప్రతి యింట నొక దొంతర పేరుకొన్నది. ఆ సంస్థయు నిప్పుడు లేదు. దొంతరలు మాత్రము ఉన్నవి.

ఇక మా డ్రైవు సంగతి. మీట నొక్కినపుడు దీపము వెలిగినచో కరెంటు అందుచున్నదని యర్థము. దీపమే వెలుగనిచో కంప్యూటరు నార్పి, ప్లగ్గు తీసి, పెట్టె ప్రక్క రేకు విప్పి చూడవలెను. డ్రైవు వెనుక రెండు తీగలుండును: ఒకటి కరెంటుది, ఒకటి సమాచారముది. పెట్టె నొకచోటినుండి యొకచోటికి జరుపుటలో ఇవి వదులగుట మిక్కిలి సామాన్యము. రెంటిని తీసి మరల గట్టిగ నొత్తవలెను. విడిగా యూఎస్‌బీ తీగతో తగిలించుకొను డ్రైవైనచో దానిని కంప్యూటరు వెనుకభాగపు రంధ్రములో పెట్టి చూడుడు. ముందటి రంధ్రముల నుండి చాలినంత కరెంటు రాక అది గుటకలు మ్రింగుచుండును.

మా డ్రైవునకు దీపము వెలిగినది, పళ్ళెము రాలేదు. ప్రతి డ్రైవు ముఖముమీదను ఆవగింజంత రంధ్రమొకటి యుండుట మీరు గమనించితిరా? నేను పది యేండ్లు దానిని తుడుచుచునే యుంటిని గాని అది యెందులకో యెఱుగను. కంప్యూటరు నార్పి, కాగితములకు పెట్టు తీగక్లిప్పును నిటారుగ జేసి ఆ రంధ్రములో మెల్లగ నొత్తినచో పళ్ళెము అంగుళమంత వెలికి వచ్చును. తరువాత చేతితో లాగవచ్చును. గుండుసూది పనికిరాదు, పొట్టిది. పిన్నీసు వంగి లోపల చిక్కుకొనును. పళ్ళెము వచ్చిన పిమ్మట ముందుభాగమున చిన్న రబ్బరుపట్టీ కనబడినది. ఏండ్లతరబడి సాగి నునుపెక్కి జారుచుండెను. మందుల దుకాణములో దొరకు ఐసోప్రొపైల్ ఆల్కహాలును దూదికి కొంచెము తడిపి దానిని తుడిచితిమి. పట్టీ బిగువు తెచ్చుకొని పళ్ళెము నాలుగైదు మారులు చక్కగ వచ్చిపోయినది. ఇది శాశ్వతపు మందు కాదు, మా పని గడచునంతకు చాలినది. ల్యాప్‌టాపులోని సన్నడ్రైవులకు ఈ పట్టీ యుండదు.

పళ్ళెము తిరిగినది కదా యని సంతసించితిమి. కాని కంప్యూటరు తెరపై డ్రైవు గురుతే లేదు! ఇచ్చటనే చాలమంది డ్రైవు పోయినదని పారవేయుదురు. తొందరపడరాదు. కంప్యూటరు వెలిగించిన తోడనే ఎఫ్2 గాని డెల్ గాని నొక్కినచో నీలిరంగు తెరయో, నల్లని తెరయో వచ్చును. దానిని బయోస్ అందురు. అందులో డ్రైవు పేరున్నచో యంత్రమును తీగలును బాగుగనే యున్నవని నిశ్చయము. దోషము విండోసులోనిది. మా డ్రైవు పేరు బయోస్‌లో నుండెను. మావారు ఏడవ విండోసునుండి పదవ దానికి మారిన నాటినుండి డిస్కు వేయనే లేదని అప్పుడు జ్ఞప్తికి వచ్చినది.

దీనికి మొదటి చికిత్స సులభము. డివైస్ మేనేజర్ అను పట్టిక తెరచి, డీవీడీ డ్రైవుల వరుసలో మన డ్రైవు పేరుమీద కుడిమీట నొక్కి, అన్ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటరును తిరిగి వెలిగించవలెను. అది డ్రైవును క్రొత్తగ గుర్తుపట్టును. పెక్కుమారులు దీనితోనే సరిపోవును. మాకు సరిపోలేదు, పేరుప్రక్కన పసుపుపచ్చని ఆశ్చర్యార్థకము అట్లే నిలిచినది. రెండవ చికిత్స కొంచెము భయపడుచు చేయవలసినది. డిస్కులు వ్రాయు పాత సాఫ్ట్‌వేరులు కొన్ని విండోసు రిజిస్ట్రీలో అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అను రెండు మాటలను వదలిపోవును. సాఫ్ట్‌వేరు పోయినను ఆ మాటలు తలుపునకు వేసిన గొళ్ళెములవలె నిలిచి డ్రైవును లోనికి రానీయవు. రిజిస్ట్రీలో కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ అను మెట్లు దిగి, 4డి36ఇ965 అని మొదలగు పొడుగుపేరు గల అరను తెరచి, ఆ రెండు మాటలను మాత్రమే తీసివేయవలెను. ముందుగ ఆ అరకు నకలు దాచుకొనవలెను. ప్రక్కయరలో చేయి పెట్టినచో కంప్యూటరే లేవకపోవచ్చును గనుక, ఈ పని తెలిసిన పిల్లవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేయుట మంచిది. మా మరది కుమారుడు చేసెను. తిరిగి వెలిగింపగా డ్రైవు గురుతు తెరపై ప్రత్యక్షమైనది. నేను లేచి పోయి అమ్మకు చాయ పెట్టి యిచ్చితిని. ఇంకను ఏమియు చెప్పలేదు.

చెప్పకపోవుటయే మేలైనది. సినిమా డిస్కు వేసినచో ఆడినది. బాపు డిస్కు వేసినచో గిఱ్ఱున తిరిగి, ఆగి, మరల తిరిగి, "డిస్కు వేయుడు" అని కంప్యూటరు మమ్ములనే యడిగినది.

ఇట్టి స్థితిలో దోషము లేజరుఅద్దమునది కావచ్చును, బిళ్ళది కావచ్చును. మా యింటి ప్రక్క వదినె బీడీలు చుట్టును. మధ్యాహ్నములయందు చాట తెచ్చుకొని మా వసారాలోనే కూర్చుండును. మాఘఫాల్గుణములలో వీధి వీధంతయు పసుపుకొమ్ముల ధూళి. తంబాకుపొడియు పసుపుధూళియు కలిసిన గాలి మా కంప్యూటరు నిత్యము పీల్చినది. సన్నడ్రైవులలో అద్దము పళ్ళెముమీదనే కందిగింజవలె కనబడును. తడిలేని మెత్తని కుంచెతో రెండుమారులు తుడిచిన చాలును. పెద్దడ్రైవులో అది లోపల నుండును. అడుగు రేకునకున్న మరలు విప్పవలెను. ఏది చేసినను కరెంటు తీసియే చేయవలెను, వెలుగుచున్న లేజరును కంటితో చూడరాదు. సీడీలు ఆడి డీవీడీలు ఆడనిచో, లేదా డీవీడీలు ఆడి సీడీలు ఆడనిచో, ధూళి కాదు. ముందు చెప్పిన రెండు కిరణములలో నొకటి క్షీణించినదని తెలియవలెను. దానికి కుంచె మందు కాదు. క్రొత్త డ్రైవు తెచ్చుకొనుడు.

అద్దము తుడిచితిమి. తరువాత బిళ్ళను చేతికి తీసికొంటిని. మెరయు ప్రక్కన నూనెవ్రేళ్ళ గుర్తులు పసుపువన్నెలో నుండెను, అవి నావే. ఒక చుక్క సబ్బునీటితో కడిగి, మెత్తని నూలుగుడ్డతో నడిమినుండి అంచునకు తిన్నగ తుడిచితిని. మనము కంచము తోమినట్లు గుండ్రముగ తోమరాదు; ఏలయన గుండ్రపుగీత సుడివెంబడి పోయి పొడుగైన భాగమును చెఱచును, అడ్డుగీతను యంత్రము దాటుకొనగలదు. గోళ్ళరంగు చెరపు ద్రవము తగిలినచో ప్లాస్టికు మబ్బుపట్టును. పండ్లపేస్టుతో రుద్దుమని చెప్పువారు కలరు. ఎట్లును పోయిన సినిమా డిస్కుమీద పరీక్షింతురు గాక, ఇట్టిదానిమీద నేను రుద్దనీయలేదు. బీటవారిన బిళ్ళను మాత్రము ఎన్నడును వేయకుడు. వేగముగ తిరుగు సీడీడ్రైవులు నిమిషమునకు పదివేల చుట్లవరకు తిప్పును. బిళ్ళ లోపలనే తునకలగును.

బిళ్ళను వెలుతురునకు పట్టి చూచితిని. పైప్రక్కన అంచువెంట తమ్ముడు బాల్‌పెన్నుతో "బాపు భాగవతము" అని యొత్తి వ్రాసియుండెను. ఆ యక్షరములు క్రిందిప్రక్కకు నీడవలె దిగియున్నవి. సీడీలో వెలుగును మరల్చు లోహపుపూత పైప్రక్కననే, సన్నని వార్నిషుక్రింద నుండును. మెరయు ప్రక్కకు మిల్లీమీటరు మందపు ప్లాస్టికు కాపున్నది, పేరువ్రాయు ప్రక్కకు లేదు. ఇది తెలియక మనమందఱము మెరయు ప్రక్కనే కాపాడి, రెండవ ప్రక్కను బల్లమీద నీడ్చుదుము. వ్రాయవలసినచో మెత్తని మొన గల మార్కరుతో, నడిమి పారదర్శకమైన వలయముమీద వ్రాయవలెను. ఇంటిలో వ్రాసిన సీడీలో గుంటలకు బదులు రంగుపూత యుండును; ఎండ తగిలినచో అది వెలిసిపోవును. మా బిళ్ళ యెంతకాలము కిటికీప్రక్కన నుండెనో నాకు జ్ఞప్తికి రాలేదు.

కడిగిన బిళ్ళను వేసితిమి. ఈసారి తెరపై 14 ఫైళ్ళ పేర్లు కనబడినవి. వినుటకు కూర్చుండలేదు. మొదట నకలు తీయుటయే పని. అలసిన డ్రైవు మరల ఎప్పుడు మొరాయించునో తెలియదు. ఒక్కొక్క ఫైలును విడివిడిగ కంప్యూటరులోనికి నెక్కించితిమి. అన్నింటిని ఒకేసారి పట్టినచో ఒకటి చదువబడకున్నను అన్నియు నాగిపోవును. ప్రహ్లాదచరిత్రము వచ్చినది. గజేంద్రమోక్షము వచ్చినది. వామనుని కథ వచ్చినది. 11 ఫైళ్ళవరకు వచ్చి డ్రైవు మూలుగ సాగినది. చివరి మూడును రుక్మిణీకల్యాణము. సుడి అంచునకు చేరుకొలది, తమ్ముడు ప్రేమతో వ్రాసిన పేరే అడ్డము వచ్చినది.

ఒక డ్రైవు చదువనిదానిని మరియొకటి చదువుట కలదు. కిరణపు బలము, అద్దపు నాణ్యము అన్నింటికి సమముగ నుండవు. ఈ కారణముననే దుకాణములో ఖాళీ యన్న డిస్కు మాయింట పలికినది. ప్రక్కింటి వదినె యొద్ద పాత ల్యాప్‌టాపున్నది, ఆమె భర్త దుబాయినుండి తెచ్చినది. అందులో వేయగా పండ్రెండవ ఫైలు వచ్చినది. ఆ వదినెయే ఆ సమయమున తన కష్టమొకటి చెప్పుకొన్నది: "ఆయన దుబాయిల కొన్న సినిమా డిస్కులు మీ ఇంట్ల ఆడవేంది వదినా?" దానికి డ్రైవు దోషము లేదు. సినిమా డీవీడీలకు దేశవిభాగపు అంకెలు కలవు. మనదేశపు అంకె 5, దుబాయిది 2. డ్రైవు అంకెను అయిదుమారులు మాత్రమే మార్చనిచ్చును, అయిదవమారు పెట్టినదే స్థిరమగును. గల్ఫునకు పోయిన మగవారు గల మన జిల్లాలో ఈ చిక్కు ఎందఱి యిండ్లలో కలదో! ఇంటిలో తీసుకొన్న పెండ్లిడిస్కులకు ఈ నిర్బంధము లేదు. మరియొక చిక్కుకూడ నిచ్చటనే చెప్పెదను. 2012లో వచ్చిన ఎనిమిదవ విండోసునుండి సినిమా డీవీడీని ఆడించు శక్తిని సామాన్యపు కంప్యూటరులలో నుంచుట మానిరి. డిస్కులోని పేర్లు కనబడుచు బొమ్మ రానిచో డ్రైవును తిట్టక వీఎల్‌సీ అను ఉచితపు ప్లేయరు నెక్కించి చూడుడు.

నకళ్ళను కంప్యూటరులో నొకటి, పెన్‌డ్రైవులో నొకటి, తమ్మునియొద్ద నొకటి యుంచితిమి. సంవత్సరీకమునకు ముందునాటి సాయంకాలము అమ్మను కూర్చుండబెట్టి గజేంద్రమోక్షము వినిపించితిని. పద్యములు సాగుచున్నంతసేపు ఆమె తలవంచుకొని యుండెను. నడుమ నొకచోట బాపు ఆగి, దగ్గి, "ఆ కిటికీ మూయి, చలిపెడ్తాంది" అన్నారు. తమ్ముడు తీసివేయ మరచిన మాట యది. అమ్మ చటుక్కున తలయెత్తి మా కిటికీవంక చూచినది. తరువాత "అదే, అది మల్లొక్కసారి పెట్టు బిడ్డా" అన్నది. పద్యము కాదు, ఆ మాటనే. నాలుగుమారులు పెట్టించుకొన్నది.

మిగిలిన రెండు ఫైళ్ళు ఇంకను రాలేదు. బిళ్ళనిప్పుడు గట్టి ప్లాస్టికు పెట్టెలో నిలువుగ నుంచి, ఎండ సోకని బీరువాలో దాచితిని. మావారి స్నేహితు లొకరియొద్ద పాతకాలపు డిస్కులు వ్రాయు డ్రైవు హైదరాబాదులో నున్నదట. కార్తికమున లింబాద్రిగుట్ట జాతర కాగానే డిస్కును నేనే చేతపట్టుకొని పోదునని చెప్పితిని. పార్సిలులో పంపుటకు మనసొప్పలేదు.